కీచకుడి గొంతు

కుళ్ళాయమ్మకు కీచకుడి గొంతు వచ్చింది. సైరంధ్రి గొంతు రాలేదు. అదీ వచ్చిన చిక్కు.

మాది తోలుబొమ్మలాట గుంపు. గుంపుకు పెద్ద మా అత్త రుక్మవ్వ. ఆట నేర్పే గురువూ ఆమే, తప్పు చేస్తే తిట్టేదీ ఆమే, ఆట అయ్యాక అన్నం పెట్టేదీ ఆమే. ఊరంతా అవ్వ అంటుంది కాబట్టి నేనూ అవ్వ అనే అంటాను. నా పేరు మాణిక్యం, ఆమె చిన్నకోడల్ని, హార్మోనియం వాయిస్తాను. నోటికి అడ్డు తక్కువ. నేను గడపలోకి వస్తే ఇంట్లోవాళ్ళు మాట మార్చేస్తారు. ఈ సంగతి కూడా ఉన్నదున్నట్టే చెబుతాను, నా మీద నాకు కోపం వచ్చే ముక్కలతో సహా.

టౌన్లో ఆడవాళ్ళ హోమ్ ఒకటుంది. మొగుడి చేతిలో చావకుండా బయటపడినవాళ్ళు పదిపన్నెండు మంది ఎప్పుడూ ఉంటారు. ఆ హోమ్ చూసుకునే మేడమ్ ఒకరోజు వచ్చి, వారానికి రెండు రోజులు వాళ్ళకు బొమ్మల పని నేర్పమని అవ్వను అడిగింది. చేతులకు పని ఉంటే మనసు కుదుటపడుతుందట. "పడుతుందో లేదో నాకు తెలీదు తల్లీ. చేతులకైతే పని పెడతా" అంది అవ్వ.

మేకతోలును వెలుగు పారేంత పల్చగా గీకి, ఎండబెట్టి, దాని మీద బొమ్మ గీస్తాం. తర్వాత చిన్న ఉలి పెట్టి నగలకు, చీర అంచులకు చిల్లులు కొడతాం. ఆ చిల్లుల్లోంచే తెర మీద వెలుగు పడేది. ఒక్క కాసులపేరుకే మూడు నాలుగు వందల చిల్లులు పడతాయి. హోమ్‌లో ఆడవాళ్ళు మొదటి వారం ముక్కి మూలిగారు, రెండో వారం పోటీలు పడ్డారు.

కుళ్ళాయమ్మ పోటీకి రాలేదు. గోడవైపు తిరిగి కూచుని కొట్టుకుంటూ పోయేది. ఇరవయ్యారేళ్ళు ఉంటాయి. ఎడమ మోచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. ఏం అడిగినా తల ఊపేది, లేదా ఊపేది కాదు. మూగదేమో అనుకున్నాను నేను. అవ్వనడిగితే, "మూగది గాదు. మాటలు అయిపోయినాయి దానికి" అంది.

ఆమె కొట్టిన చిల్లులు మాత్రం ఒకదానికొకటి ఆవగింజంత ఎడం తప్పేవి కావు. మేడమ్‌ను అడిగి అవ్వ ఆమెను మా ఇంటికే తీసుకురావడం మొదలుపెట్టింది. పొద్దున వచ్చేది, సాయంత్రం మేడమ్ పంపిన ఆటోలో పోయేది.

ఆ రోజుల్లోనే మా ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. ఆరు నెలలు గట్టిగా మాట్లాడొద్దన్నాడు డాక్టరు. మా గుంపులో రాక్షసులు, దుర్మార్గులు అందరూ మా ఆయన గొంతులోనే ఉంటారు. దుర్యోధనుడు, రావణుడు, కీచకుడు ఒక్కసారిగా మూగపడ్డారు. మంచివాళ్ళు మిగిలారు. ఉత్త మంచివాళ్ళతో ఆట ఎక్కడ నడుస్తుంది!

ఒక మధ్యాహ్నం వసారాలో విరాటపర్వం సాధన చేస్తున్నాం. విరాటుడి కొలువు ఘట్టం. కీచకుడు సైరంధ్రిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, అందరూ చూస్తుండగా తన్నుతాడు. ద్రౌపదే సైరంధ్రి పేరుతో అక్కడ దాసీగా ఉంది. మా ఆయన కీచకుడి బొమ్మ పట్టుకుని ఉత్తి పెదాలు కదిలిస్తున్నాడు. నేను హార్మోనియం మీద ఊరికే సాగదీస్తున్నాను.

అప్పుడు మూలనుంచి ఒక గొంతు వచ్చింది.

"ఏమన్నావ్? మళ్ళా అను."

మా కీచకుడు ఎప్పుడూ ఉరుముతాడు, పళ్ళు కొరుకుతాడు, తొడగొడతాడు. ఈ గొంతు అరవలేదు. నింపాదిగా, కొంచెం నవ్వుతూ, అన్నం తింటూ అడిగినట్టుగా అడిగింది. నా చెయ్యి హార్మోనియం మీదనుంచి దానంతటదే లేచింది.

"అను. వింటాండాను గదా. ఏమన్నావో మళ్ళా అను."

చూస్తే కుళ్ళాయమ్మ. చేతిలో ఉలి ఉంది, కళ్ళు తోలు మీదే ఉన్నాయి. తను మాట్లాడినట్టు తనకే తెలియదు.

మా ఆయనకు సంతోషం పట్టలేదు. "ఇన్నాళ్ళూ యాడ దాచిపెట్టినావు మే ఇంత కీచకుణ్ణి" అని గుసగుసగా అరిచాడు. తాళాలు వాయించే గోవిందప్ప చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను, దాచడం దేనికి. పోయిన వ్యాపారం లేచొచ్చినట్టనిపించింది. కుళ్ళాయమ్మ లేచి నీళ్ళు పోయే జలదారి దగ్గరికి పోయి, పొద్దున తిన్నదంతా కక్కేసింది.

అవ్వ చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి వీపు నిమిరింది. "ఎవరిది ఆ గొంతు?" అని అడిగింది.

"మా ఆయప్పది" అంది కుళ్ళాయమ్మ. మా ఇంట్లో ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి సొంత మాట అదే.

తర్వాత కొంచెం కొంచెంగా అవ్వకు చెప్పుకుంది. ఏడేళ్ళ కాపురంలో ఆ మొగుడి గొంతును ఆమె చదువులా చదివింది. గేటు దగ్గర దగ్గిన దగ్గునుబట్టి ఆ పూట ఎట్లా గడుస్తుందో చెప్పగలదు. 'మళ్ళా అను' అన్నప్పుడు అంటే ఒక దెబ్బ, అనకపోతే రెండు. అందుకని మొదటిసారి అనడమే మానేసింది. మొదట వాడి దగ్గర మానేసింది, తర్వాత అత్త దగ్గర, తర్వాత పిల్ల పుట్టాక దాని దగ్గర కూడా. మాట్లాడితే ఏ మాట ఎటు పోయి ఎక్కడ తేలుతుందో అని.

పిల్ల పేరు అఖిల, ఆరేళ్ళది. కుళ్ళాయమ్మ చెయ్యి విరిగిన రోజున ఆస్పత్రినుంచి హోమ్‌కు వచ్చింది గానీ, పిల్ల తండ్రి దగ్గరే ఉండిపోయింది. పిల్లను ఇప్పించమని కోర్టులో కేసు వేశారు. మొదటి వాయిదాకు వెళ్ళారు. జడ్జిగారు "చెప్పమ్మా" అన్నాడు. కుళ్ళాయమ్మ నోరు తెరిచింది, మాట రాలేదు. ఆ మొగుడు మహానుభావుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, "అట్లే ఉంటాది సార్. మనిషి సరిగ్గా లేదు. పిల్లతో గూడా మాట్లాడదు, అడగండి కావాలంటే" అన్నాడు. పాముకు పాలు పోసినా ఇంత మెత్తగా బుస కొట్టదు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, అదీ వాడి తెలివి.

ఇంకో వాయిదా వేశారు. ఏప్రిల్ నెలాఖరు గురువారం. ఆ రోజు కూడా ఆమె నోరు తెరవకపోతే పిల్ల సంగతి ఇక మరిచిపోవడమేనని వకీలమ్మ మేడమ్‌తో గట్టిగానే చెప్పింది.

ఇదంతా తెలిసి కూడా అవ్వ ఆమెకు కొలువు ఘట్టమే ఇచ్చింది.

మా గుంపులో ఒక కట్టుబాటు ఉంది. ఆ ఘట్టంలో కీచకుణ్ణీ సైరంధ్రినీ ఒకే మనిషి ఆడించాలి. కుడి చేతిలో వాడు, ఎడమ చేతిలో ఆమె. వాడి మాటా ఆమె మాటా ఒకే నోట్లోంచి రావాలి. తన్నించినవాళ్ళే ఏడవాలి అంటారు మా పెద్దలు. వేరేవాళ్ళకు ఏడుపు అప్పగిస్తే తన్ను మరీ తేలికైపోతుందట. ఎక్కడైనా ఇద్దరు పంచుకుని ఆడితే మావాళ్ళు దాన్ని ఆటగా లెక్కపెట్టరు.

కుళ్ళాయమ్మ కుడి చెయ్యి లేచేది. కీచకుడు వచ్చేవాడు, నవ్వేవాడు, అడిగేవాడు, తన్నేవాడు. తర్వాత సైరంధ్రి లేచి కొలువును అడగాలి. వంకర చేతిలో ఆ బొమ్మ నేలమీద పడినట్టే ఉండేది. నేను హార్మోనియం వాయిస్తూ ఉండేదాన్ని. వాయించి వాయించి ఆపేసేదాన్ని.

పది రోజులు అట్లాగే గడిచింది. పదకొండో రోజు పొద్దున్నే కుళ్ళాయమ్మ ఒక పని చేసి కూచుంది. మేము పెట్టె తెరిచేసరికి సైరంధ్రి బొమ్మ నోటి దగ్గర వేలు దూరేంత కంత ఉంది. మా బొమ్మలకు నోరు రంగుతో గీస్తాం, కొయ్యము. ఈమె ఉలి పెట్టి కోసేసింది. దీపం ముందు పెడితే ముఖంలో తెల్లగా ఒక గొయ్యి కనిపిస్తోంది.

నాకు మండిపోయింది. ఆ బొమ్మది మా ఆయన పుట్టకముందు కోసిన తోలు. "నీకేమన్నా మతి పోయిందా మే?" అన్నాను.

"దానికి నోరు లేదక్కా" అంది. "నోరు లేకపోతే యాడనుంచి మాట్లాడుతుంది?"

అవ్వ వైపు చూశాను. అవ్వ బొమ్మను వెలుగుకు పెట్టి చూసుకుంది. తిట్టలేదు. "వెలుగు వస్తుంది దీంట్లోంచి, మాట రాదు" అని చెప్పి, చిన్న తోలుముక్క తీసి వెనకనుంచి కుట్టేసింది.

ఆ సాయంత్రం కుళ్ళాయమ్మ అవ్వ కాళ్ళ దగ్గర కూచుంది. "నన్ను చిల్లులు కొట్టుకోనీ అవ్వా. ఇది నాకొద్దు. నా నోరు తెరిస్తే ఆయప్పే వస్తాండాడు. నా లోపల ఆయప్ప ఒక్కడే మిగిలినాడు, నేను యాడ ఉన్నానో నాకు అగపడ్డంలేదు. జడ్జి ముందర గూడా నోరు తెరిస్తే ఆయప్ప మాటే వస్తాదని భయం."

అవ్వ ఆకులో సున్నం రాసుకుంటోంది. "శనివారం ఆట ఉంది" అంది. అంతే.

ఇదేం గురువమ్మా అనిపించింది నాకు. పుండు మీద కారం చల్లడం కూడా ఒక వైద్యమేనా? నేను అడిగేశాను కూడా. "సైరంధ్రి మాటలు నేను చెప్తానవ్వా, తెర వెనక ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. అవ్వ నావైపు చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

శనివారం ఆట మండల మహిళా సమాఖ్య భవనంలో పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి. బయట ఎండ మండిపోతోంది. చీకటి కోసం కిటికీలకు గోనెపట్టాలు కొట్టి, తలుపులు మూసి, లోపల అరవై మంది ఆడవాళ్ళను కూచోబెట్టారు. ముందు ఉపన్యాసాలు. గృహహింస గురించి ఒక ఆఫీసరు అరగంట చదివాడు. ఆడవాళ్ళు మజ్జిగ ప్యాకెట్లు కొరుక్కుని తాగుతూ విన్నారు. మా ఇంట్లో అట్లాంటివి లేవమ్మా అన్నట్టు ముఖాలు పెట్టుకుని కూచున్నారు. నేనూ అట్లాంటి ముఖమే పెట్టుకున్నాను.

ఆట మొదలైంది. బంగారక్క వచ్చి వాళ్ళను నవ్వించింది. మా బొమ్మల్లో హాస్యగత్తె ఆమె. పొట్టలు పట్టుకుని నవ్వారు. తర్వాత కొలువు.

కుళ్ళాయమ్మ కీచకుణ్ణి లేపింది. సైరంధ్రిని ఈడ్చుకొచ్చింది. తన్నించింది. "ఏమన్నావ్? మళ్ళా అను." తెరకు అవతల నవ్వులు ఎప్పుడు ఆగాయో గమనించలేదు నేను. సైరంధ్రి లేవాల్సిన చోట వాయిస్తూ పోయాను. ఒక చుట్టు వాయించాను. రెండో చుట్టు వాయించాను. మూడో చుట్టులో కుళ్ళాయమ్మ రెండు బొమ్మలూ ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడింది.

"రాదవ్వా" అంది. "నాకు చావన్నా వస్తాది గానీ ఇది రాదు."

నేను హార్మోనియం ఆపేశాను. మా పరువు పోయింది, ఈ పిల్ల బతుకూ పోయింది అనుకున్నాను. ఆ వరసలోనే అనుకున్నాను, సిగ్గుగా ఉంది చెప్పడానికి.

అవ్వ లేచింది. మా తెర వెనక చెక్కకు బిగించిన పెద్ద బల్బు ఒకటి ఉంటుంది. ఆముదం దీపాలు పోయి చాలా ఏళ్ళయినా మేము దాన్ని దీపమనే అంటాం. అవ్వ దాని చెక్క పట్టుకుని ఎత్తింది. "తీగ వదులు" అంది నాతో. నేను చుట్ట విప్పుతూ పోయాను. అవ్వ దీపం పట్టుకుని తెర పక్కనుంచి అవతలికి నడిచింది. ఆడవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ, అందరి వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడింది.

మేము చీకట్లో పడ్డాం. తెర అటువైపునుంచి వెలిగింది.

ముప్పై ఏళ్ళుగా తెర వెనక కూచుంటున్నాను. అటువైపు వెలుగు ఎన్నడూ చూడలేదు. తెర నిండా తలలు పడ్డాయి. కొప్పులు, జడలు, ముసుగులు, ఒడిలో పిల్లల బుర్రలు. బొమ్మల నీడలు వాళ్ళకు కనపడ్డం పోయి, వాళ్ళ నీడలు మాకు కనపడుతున్నాయి.

"కుళ్ళాయమ్మా" అని వెనకనుంచి అవ్వ పిలిచింది. "బొమ్మ వద్దు. తెర చూస్తా ఆయప్ప మాట అను."

కుళ్ళాయమ్మ బొమ్మల మీదనుంచి కళ్ళు ఎత్తి తెర చూసింది. అరవై మంది ఊపిరి వినపడుతోంది.

"ఏమన్నావ్?" అంది కుళ్ళాయమ్మ, మెల్లగా. "మళ్ళా అను."

తెర మీద తలలన్నీ ఒక్కసారి కిందికి పోయాయి.

అన్నీ పోలేదు. ఏడెనిమిది నిలబడ్డాయి. మిగతావి భుజాల్లోకి కుంగిపోయాయి. ఒక చెయ్యి లేచి చెవిని మూసింది. ఒక కొంగు ముఖం మీదికి వచ్చింది. ఒకామె ఒళ్ళో పిల్ల తలను కడుపులోకి నొక్కేసుకుంది. ముందు వరసలో కుర్చీ వేసుకుని కూచున్న సమాఖ్య అధ్యక్షురాలి తల కూడా వంగింది. ఇందాక ఉపన్యాసానికి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆమే.

ఇంకొకటి కూడా చూశాం మేము. ఆ నీడలన్నీ కదులుతున్నాయి. తెర మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా అరవై మంది నీడలూ సన్నగా వణుకుతున్నాయి. ఏమిటా అని ఒక్క నిమిషం అర్థం కాలేదు నాకు. వణుకుతున్నది దీపం. దీపం పట్టుకున్న చెయ్యి.

మా మామ, అవ్వ మొగుడు, పోయి పద్దెనిమిదేళ్ళు. పెద్ద కళాకారుడు, దండలు వేసిన ఫోటోకు రోజూ పొద్దున నేనే పూలు పెడతాను. మా ఆయన గొంతు అచ్చం ఆయన గొంతేనని ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు.

అవ్వ దీపం పట్టుకుని తిరిగి వచ్చింది. దాన్ని దాని చోట పెట్టింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. కుళ్ళాయమ్మ ఆమె చేతులనే చూస్తోంది.

"మా ఆయప్ప గొంతు, మా ఆయప్ప గొంతు అంటాంటివి గదా" అంది అవ్వ, మా ఇద్దరికే వినపడేట్టు. "పో, వాళ్ళల్లో ఒకదాన్ని అడిగి రాపో, ఎవరి గొంతో."

కుళ్ళాయమ్మ పోలేదు. కూచున్నచోటనుంచే తెర వైపు చూసింది. ఆ తర్వాత ఏడ్చింది. శబ్దం లేకుండా ఏడవడం ఆమెకు అలవాటు. ఈసారి శబ్దం వచ్చింది. మొదట కుక్కపిల్ల మూలిగినట్టు వచ్చింది, తర్వాత పెద్దగా వచ్చింది. తెరకు అవతల కూడా ఎవరో మొదలుపెట్టారు. ఆపండమ్మా అని ఆఫీసరు లేచాడు గానీ ఎవరూ ఆయనను పట్టించుకోలేదు.

ఆ ఏడుపులోనే ఆమె ఎడమ చెయ్యి లేచింది. సైరంధ్రి తెర మీద నిలబడింది, నోటి దగ్గర అతుకుతో. మా పాఠంలో సైరంధ్రికి పెద్ద పద్యం ఉంది. అందులో ఒక్క ముక్కా కుళ్ళాయమ్మ చెప్పలేదు. గొంతు పగిలిపోయి, మధ్య మధ్య తెగిపోయి, ఇట్లా వచ్చింది.

"రాజా, తన్నినోణ్ణి చూస్తివి. తన్నులు తిన్నదాన్ని గూడా చూడు. నేను ఈడనే ఉండాను."

మా కథలో విరాటుడు జవాబు చెప్పడు. తల తిప్పుకుంటాడు. ఆ రోజు విరాటుడి బొమ్మ పట్టుకున్న గోవిందప్ప కూడా ఎప్పటిలాగే తల తిప్పించాడు. ఆట అంతవరకే ఆడాం. భీముడు రావడం, కీచకుణ్ణి చంపడం ఆ రోజు జరగలేదు. చప్పట్లు లేవు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చెప్పులు వేసుకుని ఎండలోకి వెళ్ళిపోయారు. మేడమ్ మా మీద అరిచింది. వాళ్ళకు ధైర్యం చెప్పమంటే భయపెట్టారేమిటని. అవ్వ బొమ్మలు సర్దుకుంటూ విన్నది.

ఆ తర్వాతి గురువారం కోర్టుకు అవ్వా నేనూ తోడు వెళ్ళాం. పదకొండింటికి పిలుస్తామన్నారు, మూడింటికి పిలిచారు. వాడు అదే ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. పిల్ల కొత్త గౌను వేసుకుని నాయనమ్మ వేలు పట్టుకుని ఉంది. తల్లి ఉన్న వైపు చూడలేదు. చూడొద్దని చెప్పి తెచ్చి ఉంటారు.

జడ్జిగారు కాగితాలు తిరగేసి, "చెప్పమ్మా" అన్నాడు.

కుళ్ళాయమ్మ ఒక పక్కకు తిరిగి గదిలో కూచున్నవాళ్ళను చూసింది. తమ తమ వాయిదాల కోసం వచ్చిన ఆడవాళ్ళు బల్లల మీద చాలామందే ఉన్నారు. వాళ్ళను చూసి, ఇటు తిరిగి, చెప్పింది. చెయ్యి ఎట్లా విరిగిందో చెప్పింది. ఏడేళ్ళు ఎందుకు మాట్లాడలేదో చెప్పింది. నా పిల్ల నాకు కావాలంది. మధ్యలో రెండుసార్లు ఆగింది, నీళ్ళు కూడా అడగలేదు, మళ్ళీ మొదలుపెట్టింది. అయిదు నిమిషాలు పట్టి ఉంటుంది.

జడ్జిగారు రాసుకున్నాడు. వేసవి సెలవుల తర్వాత చూద్దామని జూన్‌కు వాయిదా వేశాడు. అంతవరకు పిల్ల తండ్రి దగ్గరే ఉండాలన్నాడు. అంతే, ఇంకొకరి పేరు పిలిచారు.

ఏడవకుండా బస్టాండు దాకా నడిచింది కుళ్ళాయమ్మ. బెంచీ మీద కూచున్నాక అవ్వ ఒళ్ళో తల పెట్టేసింది.

"నేను మాట్లాడ్తాంటే అది ఎనిక్కి తిరిగి చూసెనవ్వా. నా పిల్ల. ఎవరు మాట్లాడ్తాండారో అని చూసె. నేనని దానికి తెలీలేదు."

నేను చూశాను అది. పిల్ల నాయనమ్మ వేలు వదిలేసి గది అంతా వెతికింది. అమ్మ ముఖం దగ్గరికి వచ్చి ఆగి, కళ్ళు పెద్దవి చేసుకుని అట్లాగే చూస్తూ ఉండిపోయింది. వాళ్ళు భుజం పట్టి తిప్పేదాకా చూసింది.

అవ్వ ఆమె వంకర మోచెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"యాడ తెలుస్తాది మే" అంది. "నీ గొంతు అది వినడం ఇదే మొదలు గదా."